ముప్పై ఏడో గడి

కుండీల బాబాయ్ ఒక మొక్కను చేతిలోకి తీసుకున్నాడంటే, అది బతికి బట్టకడుతుందో లేదో మూడు క్షణాల్లో తేల్చేసేవాడు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా మనుషుల విషయంలో అంత ధైర్యం చెయ్యరు. కాండాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఒకసారి అటూ ఇటూ ఆడించి, ఆకు వెనక్కి తిప్పి చూసి, 'ఊఁ' అన్నాడంటే ఉంచమని, 'ఊహూఁ' అన్నాడంటే పీకెయ్యమని. ఆ మాటకి ఇక అప్పీలు లేదు. అలా తీర్పులు చెబుతూ జుట్టు నెరిసిన మనిషి, ఒకే ఒక్కసారి తన తీర్పును తానే కొట్టేసుకోవలసి వచ్చింది.

ఇప్పుడాయనకి అరవై నాలుగు. ఉద్యోగం అయిపోయింది. మూడో అంతస్తు బాల్కనీలో పదకొండు కుండీలు పెట్టుకుని, వాటి మీద పెత్తనం చేస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. మొన్న గురువారం పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆవిడా రిటైరై ఆరేళ్ళయింది. సోమవారం అద్దాల షెడ్డు పడగొడుతున్నారట, శనివారం వెళ్ళి ఒకసారి చూసి వద్దాం రమ్మంది. బాబాయ్ సరేనని ఫోన్ పెట్టేసి, మళ్ళీ నీళ్ళ మగ్గు అందుకున్నాడు. మగ్గులో ఉన్న నీళ్ళన్నీ ఒకే కుండీలో పోసేస్తున్నాడని భార్య వచ్చి చెప్పేదాకా ఆయనకి తెలియలేదు.

డాక్టరమ్మ అంటే మందులిచ్చే డాక్టరు కాదు, మొక్కల మీద చదువుకున్న డాక్టరు. ఆవిడ ఆయనకి మొదటిసారి కనపడింది బస్సు డిపో పక్కన నారు అమ్మే నర్సరీలో. బాబాయ్ అప్పుడు అక్కడ పనివాడు. ఏవో కుండీలు కొందామని వచ్చిన ఆవిడ, కుండీల సంగతి మరిచిపోయి నారు ట్రేల ముందు నిలబడిపోయింది. ట్రేలో రెండొందల మొలకలు, రెండొందలూ ఒకే ఎత్తు, ఒకే పచ్చదనం, గీత గీసి కత్తిరించినట్టు. వీటిలో పీల మొక్క ఒక్కటీ లేదేమిటని అడిగింది.

పీలదాన్ని ఉంచితే అది బతకదు, పక్కదాన్ని బతకనివ్వదు, రెండాకులు రాగానే పీకి పారేస్తానని బాబాయ్ గర్వంగా చెప్పాడు. ఆవిడకి ఆ జవాబు తెగ నచ్చింది. వారం తిరక్కుండా ఆయన్ని తన పరిశోధన కేంద్రంలో తాత్కాలిక ఉద్యోగానికి తీసుకుంది. తర్వాత జరిగినదంతా తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆయనకా ఉద్యోగం ఇప్పించింది ఆ కన్నే, ఆ ఉద్యోగానికి ఎసరు పెట్టబోయిందీ ఆ కన్నే.

అద్దాల షెడ్డు కేంద్రం వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన ఉండేది. దానికి రెండు తలుపులు. మొదటిది మూస్తేనే రెండోది తెరవాలి. చెప్పులు బయట. లోపల వేసుకునే తెల్ల కోటుకి జేబుల్లేవు. కావాలనే కుట్టించలేదు, జేబుంటే విత్తనం దూరుతుందని. ఆ విత్తనమా, దాని పక్కన పెడితే ఆవగింజే కొండలా కనపడుతుంది, అంత సన్నం. అందుకని బయటికి వచ్చేముందు ప్యాంటు అంచు మడత విప్పి దులపాలి, అరచేతులు రెండూ తిప్పి చూసుకోవాలి. విత్తనం కోసం ఉంచిన మొక్కలకి పూత వస్తే కాగితం సంచి తొడగాలి, మిగతావాటికి మొగ్గ తుంచెయ్యాలి. పీకేసిన మొక్కయినా, ఎండిన ఆకయినా గుమ్మం దాటకూడదు. అన్నీ నీలం సంచిలో వేసి, శనివారం పదింటికి ఆవిరి డ్రమ్ములో ఉడకబెట్టాలి. సొంత ఇంట్లో కన్నా ఇక్కడే ఎక్కువ మడతలు విప్పుతున్నానని బాబాయ్ గొణుక్కునేవాడు. ఎంత గొణిగినా ఒక్కరోజు కూడా ఆ మడత విప్పకుండా బయటికి రాలేదు.

ఇంత కట్టుదిట్టం దేనికో మొదటి రోజే డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. అవి పొగాకు జాతి మొక్కలు. పొగాకు పేరు చెబితే మొహం చిట్లించాడు బాబాయ్. ఆవిడ నవ్వి, ఇది మంచి పనికి వచ్చే పొగాకు అంది.

"పసిపిల్లలకి వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ ఒకటుంది బాబాయ్. దొంగలా ఒంట్లో దూరుతుంది. దానికి పైన ఒక చొక్కా ఉంటుంది. ఆ చొక్కా ఎలా కుట్టాలో చెప్పే జన్యువు ఒక్కటి తీసి ఈ మొక్కలో పెట్టాం. ఇది తన ఆకుల్లో చొక్కాలు కుడుతుంది. లోపల దొంగ ఉండడు, ఉత్త చొక్కాయే. ఆ చొక్కాలు ఆకులోంచి తీసి, శుభ్రం చేసి, టీకాగా పిల్లలకి ఇస్తే ఒంటికి ఆ చొక్కా గుర్తుండిపోతుంది. రేపు అసలు దొంగ అదే చొక్కాతో వస్తే గుమ్మంలోనే పట్టేసుకుంటుంది."

బాబాయ్ భార్య ఇంట్లో బట్టలు కుట్టేది. కుట్టడం అంటే ఏమిటో ఆయనకి తెలుసు. అందుకే అడిగాడు.

"మరి పొద్దస్తమానం ఎవరికో చొక్కాలు కుడుతూ కూర్చుంటే, మొక్క తన పని ఎప్పుడు చేసుకుంటుందమ్మా?"

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. దానికేం తెలుస్తుంది, అదీ చేస్తుంది, ఇదీ చేస్తుంది అంది. బాబాయ్ కూడా తన అమాయకత్వానికి తానే నవ్వుకుని, ఆ మాట అక్కడితో మరిచిపోయాడు.

మొదటి విత్తులో ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. మొలకెత్తిన అయిదో వారంలో, పెద్ద కుండీల్లోకి మార్చేటప్పుడు, నలభై మొక్కల నుంచి ఒక్కో ఆకు బిళ్ళ తీసి పరీక్షకి పంపేవారు. ఆకు బిళ్ళ అంటే కాగితాలకి బెజ్జం పెట్టే పంచ్ లాంటి దానితో తీసిన రూపాయి కన్నా చిన్న ముక్క. పరీక్షలు చేసే ఆవిడ వాటిని నూరి, ఆ రసాన్ని చిన్న చిన్న గడులున్న ప్లేటులో పోసి, దాని మీద మందు వేసేది. మొక్కలో చొక్కాలు ఎక్కువుంటే ఆ గడి ముదురు పసుపు రంగుకి తిరుగుతుంది. లేకపోతే నీళ్ళలా ఉండిపోతుంది. మొదటి ప్లేటు పసుపుపచ్చగా మెరిసిపోతుంటే అందరూ వచ్చి చూశారు. బాబాయ్‌ని కూడా పిలిచి చూపించారు. ఆ రోజు వాళ్ళందరూ టీ తాగి, ఆయన కప్పు కూడా వాళ్ళే కడిగారు.

రెండో విత్తులో రంగు కొంచెం తగ్గింది. మూడోదానిలో ఇంకొంచెం. నాలుగోదానికి, కళ్ళు చిట్లించి చూస్తే తప్ప పసుపు కనపడలేదు. డాక్టరమ్మ లైట్లు మార్పించింది, ఎరువు మార్పించింది, నీళ్ళు పరీక్ష చేయించింది. ఏ మందు తప్పు పోస్తున్నారో చూడాలని పరీక్షలావిడ పక్కనే రోజంతా నిలబడింది. ఆ ఆడవాళ్ళిద్దరి మధ్యా మాటలు కూడా తగ్గిపోయాయి.

ఇటు షెడ్డులో చూస్తే మొక్కలు కన్నులపండువగా ఉన్నాయి. మొదటి విత్తులో నూటికి ముప్పై దాకా గిడసబారి, ఆకు ముడుచుకుని, పాలిపోయి వచ్చేవి. బాబాయ్ వాటిని పీకేసేవాడు. నిండుగా ఎదిగినవాటికే విత్తనం కట్టనిచ్చేవాడు. వాటి విత్తనం వేస్తే మరుసటిసారి పీలవి తగ్గేవి. ఆ తర్వాత ఇంకా తగ్గాయి. అదంతా తన చేతి చలవ అనుకున్నాడు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే డైరెక్టరు స్వయంగా షెడ్డుకి తీసుకొచ్చి చూపించేవాడు. పైన పటారం, లోన లొటారం అని ఎవరికీ తట్టలేదు. రిజిస్టరులో ఉంచిన మొక్కల లెక్కే ఉండేది. పీకిన మొక్కల లెక్క ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఐదో విత్తు వేసేనాటికి డైరెక్టరు తేల్చి చెప్పేశాడు, ఇదే ఆఖరి అవకాశం, ఈసారి ప్లేటులో రంగు రాకపోతే పని మూసేసి డాక్టరమ్మ గది వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని. సరిగ్గా ఆ నెలలోనే బాబాయ్‌ని పర్మనెంటు చేసే ఫైలు డైరెక్టరు బల్ల మీదకి వెళ్ళింది. నాలుగేళ్ళ ఎదురుచూపు అది. ఇంటికి ఒక కుదురు వస్తుందని బాబాయ్ భార్య అప్పటికే చుట్టాలకి చెప్పేసింది.

బుధవారం నాడు మొక్కలు పెద్ద కుండీల్లోకి మారుస్తున్నాడు. నాలుగొందల్లో పీలవి పందొమ్మిదే వచ్చాయి. ఎప్పటిలాగే మట్టి ముద్దతో సహా తీసి నీలం సంచిలో పడేశాడు. తర్వాత ఒక్కో మొక్కా మారుస్తూ బిళ్ళలు తీస్తూ వచ్చాడు. ముప్పై ఏడో నంబరు మొక్క దగ్గర చెయ్యి జారింది. మొక్క మెడ పుటుక్కున విరిగి, బురద నీళ్ళలో బోర్లా పడింది.

ఆయన చేతిలో మొక్క విరగడం అదే మొదటిసారి. మామూలుగా అయితే విరిగిందని రిజిస్టరులో రాయాలి. కానీ కుండీల బాబాయ్ చేతిలో మొక్క విరిగిందని కాగితం మీద ఎక్కితే ఇంకేమైనా ఉందా? అటూ ఇటూ చూశాడు. ఆకు ఆకే కదా అనుకున్నాడు. నీలం సంచిలో చెయ్యి పెట్టి, దొరికిన పీల మొక్క ఆకు నుంచి ఒక బిళ్ళ తీసి, ముప్పై ఏడో నంబరు పరీక్ష గొట్టంలో వేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం ప్లేటు వచ్చింది. ముప్పై తొమ్మిది గడులు నీళ్ళలా తెల్లగా ఉన్నాయి. ముప్పై ఏడోది మాత్రం ముదురు పసుపు, మొదటి విత్తులో చూసిన పసుపు కన్నా ముదురు. డాక్టరమ్మ దాన్ని చూసి కుర్చీలో కూలబడింది. పరీక్షలావిడ కళ్ళు తుడుచుకుంటూ, అది తన పొరపాటేనని, ఆ గడిలో మందు రెండుసార్లు పోసి ఉంటానని చెప్పి, ఎర్ర పెన్నుతో ముప్పై ఏడు మీద అడ్డగీత గీసేసింది.

గుమ్మంలో నిలబడ్డ బాబాయ్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. ఆ గడిలో ఉన్నది ఏ మొక్కో లోకంలో ఆయనొక్కడికే తెలుసు. నాలుగేళ్ళుగా ఏవి పీకి పారేశాడో, ఏవి మురిపెంగా పెంచాడో కళ్ళ ముందు తిరిగింది. డాక్టరమ్మ వెతుకుతున్నది ఆయన నీలం సంచిలో ఉంది. దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన పని. నోరు తెరిస్తే మెడ విరిగిన మొక్క సంగతి, దొంగతనంగా వేసిన ఆకు సంగతి, నాలుగేళ్ళ పీకుడు సంగతి అన్నీ బయటపడతాయి. ఫైలు డైరెక్టరు బల్ల మీదే ఉంది. మాట్లాడకపోతే మర్నాడు పదింటికి ఆ సంచిని ఆవిరి డ్రమ్ములో వేసి మీట నొక్కవలసింది కూడా తనే. ఏమీ అనకుండా ప్యాంటు మడత దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఏపుగా, తల్లి భుజం దాటి పెరిగింది. చిన్నదానికి పదమూడేళ్ళు, చూస్తే తొమ్మిదేళ్ళంటారు. వంటగది తలుపు చట్రం మీద బాబాయ్ ప్రతి నెలా ఆఖరి శుక్రవారం పెన్సిలుతో ఇద్దరి ఎత్తూ గీసేవాడు. పెద్దదాని గీతలు మెట్లలా పైకి వెళ్ళాయి. చిన్నదాని గీతలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయాయి. గీసిన ప్రతిసారీ ఆయన 'ప్చ్' అనేవాడు. తిండి సరిగ్గా తినవంటూ నాలుగు మాటలనేవాడు. నర్సరీలో అయితే నిన్ను ఈపాటికి పీకేసేవాణ్ణే అని వేళాకోళం చేసేవాడు. పిల్ల కూడా నవ్వేది. ఆ నవ్వు వెనక ఏముందో ఆయన ఎప్పుడూ ఆకు తిప్పి చూడలేదు.

ఆ రోజు ఆఖరి శుక్రవారమే. ఆయన వెళ్ళేసరికి చిన్నది తల్లి మిషను పక్కన నేల మీద కూర్చుని ఉంది. తల్లికి చూపు మందగిస్తోంది. మర్నాటికి కావలసిన సూదులన్నిటికీ దారాలు ఎక్కించి, బాబిన్లు చుట్టి, చొక్కాలకి కాజాలు కుట్టి, అవన్నీ అయ్యాక తన లెక్కల పుస్తకం తెరిచేది ఆ పిల్ల. రోజూ అంతే. రోజూ చూస్తున్నదే. ఆ సాయంత్రం మాత్రం బాబాయ్ అక్కడే నిలబడి, పిల్ల వేళ్ళకేసి చాలాసేపు చూశాడు. మొదటి రోజు డాక్టరమ్మని తను అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

నాన్న రాగానే చిన్నది అలవాటుగా లేచి, చట్రానికి మడమలు ఆనించి, మెడ సాగదీసి నిలబడింది. బాబాయ్ పెన్సిలు తీశాడు. గీత గియ్యడానికి చెయ్యి రాలేదు. "ఇంక కొలవక్కర్లేదులే" అన్నాడు. పెన్సిలు మిషను సొరుగులో పడేశాడు. పిల్ల ఒక్క క్షణం అలాగే నిలబడి, వెళ్ళి మళ్ళీ సూదుల ముందు కూర్చుంది.

భోజనాలయ్యాక భార్యకి సంగతంతా చెప్పాడు. ఏ మొక్క విరిగింది, ఏ ఆకు వేశాడు, ఫైలు ఎక్కడుంది, ఏదీ దాచలేదు. ఆవిడ మిషను ఆపకుండానే వింది.

"మొక్క మెడ విరిగితే చెప్పడానికి సిగ్గుపడ్డారు," అంది. "రేపు ఆ డాక్టరమ్మ మెడ విరుస్తారా?"

శనివారం ఆయన షెడ్డుకి వెళ్ళేసరికి ఎనిమిది కూడా కాలేదు. నీలం సంచి మూతి విప్పి చూశాడు. లోపల చెమ్మ ఉంది. మొక్కలు వాడి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చచ్చిపోయినట్టు లేవు. సంచిని అక్కడే ఉంచి, మడతలు దులుపుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళాడు. ఆవిడ అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుతోంది.

"ముప్పై ఏడో గడిలో తప్పు లేదమ్మా," అన్నాడు. "అది పీల మొక్క ఆకు. నేనే వేశాను."

డాక్టరమ్మ చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. బాబాయ్ నిలబడే అంతా చెప్పాడు. ఇన్నాళ్ళూ మొదట్లోనే పీకేసినవి ఎలా ఉండేవో, ఎన్ని ఉండేవో కూడా చెప్పాడు. ఆవిడ మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"ఐదు విత్తులు బాబాయ్," అంది చివరికి. "మొదటి ఏడాది పోగా మూడేళ్ళు. కూర్చున్న కొమ్మని నువ్వు నరుకుతుంటే, నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను."

ఆవిడ పరుగులాంటి నడకతో షెడ్డుకి వచ్చి, కోటు కూడా సరిగ్గా వేసుకోకుండా సంచి ముందు నేల మీద కూర్చుంది. ఇద్దరూ కలిసి పందొమ్మిది మొక్కల్ని ఒక్కొక్కటే తీసి, కుండీల్లో పెట్టారు. ఎక్కువ వెలుతురు తగలకుండా పైన తడి గుడ్డ పరిచారు. ఏది బతుకుతుందని ఆవిడ అడిగింది. ఆయన అలవాటుగా ఒక కాండం పట్టుకుని ఆడించబోయి, వేళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. ఆ మాట అనడం ఆయన జీవితంలో అదే మొదలు.

పందొమ్మిదిలో పదకొండు బతికాయి. పదకొండింటి ఆకులూ ప్లేటులో పసుపు పట్టినట్టు మెరిశాయి. ఎక్కువ చొక్కాలు కుట్టే మొక్కకి తను ఎదగడానికి సత్తువ మిగలదని, నిగనిగలాడేవన్నీ కుట్టడం మానేసినవని డాక్టరమ్మ డైరెక్టరుకి నివేదిక రాసింది. బాబాయ్ చేసిన పని కూడా అందులో రాసింది, దాచలేదు. గది ఆవిడకే మిగిలింది. బాబాయ్ ఫైలు మాత్రం వెనక్కి తిరిగొచ్చింది. పర్మనెంటు కావడానికి ఆయనకి ఇంకో మూడేళ్ళు పట్టింది. చుట్టాల దగ్గర భార్య పడ్డ అవస్థ ఆవిడకే తెలుసు. అయినా దాని మీద ఆవిడ ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. ఆ ఇంట్లో అదొక అద్భుతం.

అక్కడి నుంచి షెడ్డులో పద్ధతి తిరగబడింది. వచ్చినవాళ్ళకి చూపించడానికి అందమైన మొక్క ఒక్కటి లేకుండా పోయింది. డైరెక్టరు అతిథుల్ని తీసుకురావడం మానేశాడు. పీల మొక్కని పెంచడం బాబాయ్‌కి చేతకాదు, కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. వాటికి సగం వెలుతురు, సగం ఎరువు, రెట్టింపు ఓపిక కావాలి. ఎండ నెత్తి మీదకి వచ్చే వేళకి అద్దాల మీద సున్నం నీళ్ళు చల్లేవాడు. ముడుచుకున్న ఆకుల మీద చేతి పంపుతో మంచులా నీళ్ళు కొట్టేవాడు. ఒక్కోదాన్ని కంటికి రెప్పలా చూసుకునేవాడు. చేతులు కాలాకే ఆకులు పట్టుకున్నాననీ, అయినా ఈ ఆకుల్ని ఇంక వదలననీ నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆ ఏళ్ళే తన జీవితంలో మంచి ఏళ్ళని ఇప్పటికీ అంటాడు. పొద్దున్నే తలుపు తియ్యగానే వచ్చే ఆ పచ్చి ఆకు వాసన, గొట్టం చివర నీటి బొట్ల చప్పుడు, అద్దం అవతల నుంచి డాక్టరమ్మ వేళ్ళతో ఎన్నని అడిగితే ఇవతల నుంచి తను వేళ్ళతో చూపించడం, అవన్నీ ఎక్కడికి పోతాయి?

తర్వాత పని పెద్దదైంది. విత్తనం పెద్ద కేంద్రాలకి వెళ్ళింది. అక్కడ వేరేవాళ్ళు దాన్ని ముందుకు తీసుకెళ్ళారు. చాలా ఏళ్ళకి టీకా బయటికి వచ్చిందని ఒకనాడు డాక్టరమ్మ మిఠాయి డబ్బాతో షెడ్డుకి వచ్చింది. ఆ రోజు అందరూ నవ్వారు. బాబాయ్ కూడా నవ్వాడు. ఆ మూడేళ్ళు పోకుండా ఉంటే ఎంతమంది పసివాళ్ళు ఆస్పత్రికి వెళ్ళకుండా ఉండేవారన్న ప్రశ్న మాత్రం ఆయన్ని ఏనాడూ వదల్లేదు. దాన్ని ఎవరితోనూ అనలేదు.

డాక్టరమ్మ ఫోన్లో రమ్మన్న శనివారం ఆయన్ని షెడ్డుకి తీసుకెళ్ళింది చిన్న కూతురే. ఇప్పుడామెకి ముప్పై అయిదేళ్ళు. అప్పటికీ ఇప్పటికీ పొట్టిదే. సిటీ బస్సు నడుపుతుంది. సీటు మీద తల్లి కుట్టిచ్చిన లావుపాటి దిండు వేసుకుని కూర్చుంటే, ఎదురు బస్సు వాళ్ళకి డ్రైవరు లేకుండానే బస్సు వస్తున్నట్టుంటుందని డిపోలో వేళాకోళం. పదేళ్ళలో ఒక్క గీత కూడా పడనివ్వకుండా బస్సు నడిపింది తనొక్కతే అని ఆమె జవాబు. ఆ రోజు సెలవు పెట్టింది.

షెడ్డు ఖాళీగా ఉంది. ఆఖరి మొక్కల్ని కిందటి నెలే ఉడకబెట్టేశారు. బల్లల మీద కుండీల గుండ్రటి మరకలు, మూలగా తుప్పు పట్టిన ఆవిరి డ్రమ్ము, మేకుకి జేబుల్లేని కోటు ఒకటి. డాక్టరమ్మ చేతికర్ర పట్టుకుని ముందే వచ్చి ఉంది. బాబాయ్ ఒక్కో బల్లా తడుముతూ నడిచి, మూడో బల్ల దగ్గర ఆగాడు. ఇన్నేళ్ళూ మింగిన మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఆ మూడేళ్ళూ నేను పాడుచెయ్యకపోతే, టీకా అంత ముందే వచ్చేదామ్మా?"

డాక్టరమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. వచ్చి ఉండేదేమో అంది. చేతికర్ర బల్లకి ఆనించి మళ్ళీ తనే అంది.

"మొదటి రోజు నువ్వు నన్నొక మాట అడిగావు, గుర్తుందా? చొక్కాలు కుడుతూ కూర్చుంటే మొక్క తన పని ఎప్పుడు చేసుకుంటుందని. అడగవలసిన ప్రశ్న అదొక్కటే. అంత చదువు చదివిన నాకు తట్టలేదు. నువ్వడిగితే నవ్వాను. ఆ మూడేళ్ళూ నీవి కావు బాబాయ్, నా నవ్వువి."

బాబాయ్ కళ్ళు తుడుచుకుంటుంటే, వెనక నిలబడ్డ కూతురు ఏ మూడేళ్ళు, ఏ మొక్కలు అని అడిగింది. ఇంట్లో పిల్లలకి ఈ కథ ఎప్పుడూ చెప్పలేదు. డాక్టరమ్మే చెప్పింది, పీల మొక్కల దగ్గర్నుంచి ముప్పై ఏడో గడి దాకా. ఆ శుక్రవారం సాయంత్రం దాకా వచ్చాక మిగతాది బాబాయ్ అందుకున్నాడు. సూదులకి దారాలెక్కిస్తున్న పిల్లని చూశానని, కొలవడానికి చెయ్యి రాలేదని చెప్పాడు.

కూతురు ఒక అడుగు ముందుకు వేసి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఇంక ఎదగనని ఆశ వదిలేసుకున్నావనుకున్నాను నాన్నా," అంది. "ఇరవై రెండేళ్ళుగా అదే అనుకుంటున్నాను."

ఒక్క మాట. ఆ రోజు పెన్సిలు సొరుగులో వేస్తూ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. పొరపాటు జరిగిందని డాక్టరమ్మకి మర్నాడే చెప్పగలిగాడు కానీ, ఇంట్లో పిల్లకి చెప్పాలని తోచనేలేదు. చెయ్యి చాపి కూతురి తల నిమిరాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

గోడవారగా మొక్కల ఎత్తు చూసే పాత కర్ర ఆనించి ఉంది, అంకెలు వేసిన తెల్ల కర్ర. కూతురు దాన్ని తీసి తండ్రి చేతిలో పెట్టింది. తలుపు చట్రానికి మడమలు ఆనించి నిలబడింది. ఈసారి మెడ సాగదియ్యలేదు.

"కొలువు," అంది.

బాబాయ్ కర్ర నిలబెట్టి, ఆమె తల మీద అరచెయ్యి అడ్డంగా ఆనించాడు. వంగి అంకె చూడబోయాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు, దానికి తోడు కళ్ళనిండా నీళ్ళు. ఏమీ కనపడలేదు.

"సరిగ్గా ఉన్నావమ్మా," అన్నాడు.

బయటికి వచ్చేముందు ముగ్గురూ రెండు తలుపుల మధ్య ఆగారు. లోపల ఒక్క విత్తనం కూడా లేదని అందరికీ తెలుసు. అయినా బాబాయ్ వంగి ప్యాంటు మడత విప్పి దులిపాడు, అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. ఆయన్ని చూసి కూతురు కూడా తన మడతలు విప్పి దులిపింది.